అసిడోఫిలస్ ఏటీపేజ్‌ను కొలవడానికి మలకైట్ గ్రీన్ కిట్ ఎంతవరకు పనికొస్తుంది?

కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఖర్చు చేసే ఎంజైమ్ (ఏటీపేజ్) ఎంత వేగంతో పనిచేస్తున్నదో తెలియాలంటే, అది విడగొట్టిన ఏటీపీ నుంచి వచ్చే ఏడీపీనైనా లెక్కపెట్టాలి, ఫాస్ఫేట్‌నైనా లెక్కపెట్టాలి. రెండో దారిని ఎంచుకున్నవారికి మార్కెట్లో సులువుగా దొరికేది మలకైట్ గ్రీన్ ఫాస్ఫేట్ కిట్. మన పేగులకు మేలు చేసే లాక్టోబాసిల్లస్ అసిడోఫిలస్ అనే బ్యాక్టీరియా కణపొరలో ఉండే ప్రోటాన్ పంపు ఏటీపేజ్ గుణాలను పరిశీలించడానికి మా ల్యాబ్‌లో ఈ కిట్‌ను ఏడాదికి పైగా వాడుతున్నాము. వేర్వేరు తయారీదారుల కిట్లు మా చేతికి వచ్చాయి. సీసాల మూతల రంగు, ధర మారతాయి తప్ప లోపలి రసాయనం దాదాపు ఒక్కటే కాబట్టి ఇక్కడ కంపెనీల పేర్లు చెప్పడం లేదు. ఆమ్ల పీహెచ్‌లో చేసే కొలతలకూ, ఎంజైమ్‌ను అణచే నిరోధకాలతో చేసే కొలతలకూ ఈ కిట్ పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం చేస్తుందనీ, ఎక్కువ ఏటీపీతో చేసే కొలతలకు మాత్రం దీన్ని కొనవలసిన అవసరమే లేదనీ మా అభిప్రాయం.

కిట్ సంగతికి ముందు ఎంజైమ్ గురించి కొంత చెప్పాలి. అసిడోఫిలస్ ఆక్సిజన్‌తో శ్వాసించి శక్తిని సంపాదించే జీవి కాదు. చక్కెరను పులియబెట్టి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తూ, ఒక్కో గ్లూకోజ్ అణువుకు నికరంగా రెండు ఏటీపీలను మాత్రమే మిగుల్చుకుంటుంది. మన మైటోకాండ్రియాలో ప్రోటాన్ల ప్రవాహాన్ని వాడుకుని ఏటీపీని తయారుచేసే ఎఫ్1-ఎఫ్ఓ యంత్రం ఈ బ్యాక్టీరియాలో ఎదురు దిశలో నడుస్తుంది. అంటే ఏటీపీని ఖర్చుపెట్టి, కణం లోపల పోగుపడిన ప్రోటాన్లను బయటికి నెడుతుంది. పొరకు లోపలి వైపున ఉండే ఎఫ్1 భాగంలో మూడు ఆల్ఫా, మూడు బీటా ఉపభాగాలు గామా అనే ఇరుసు చుట్టూ అమరి ఉంటాయి. ఆ ఇరుసు ఒక్క పూర్తి చుట్టు తిరగడానికి మూడు ఏటీపీలు ఖర్చవుతాయి. వచ్చే రెండు ఏటీపీల్లోనుంచే ఈ ఖర్చు కూడా పెట్టాలి కనుక, పంపును ఎప్పుడు ఎంత నడపాలన్నది ఈ జీవికి చావుబతుకుల లెక్క. ఈ ఎంజైమ్‌కు సంబంధించిన ఎనిమిది జన్యువులు అసిడోఫిలస్‌లో ఒకే ఆపరాన్‌గా (కలిసి పనిచేసే జన్యువుల గుంపుగా) వరుసగా ఉన్నాయనీ, చుట్టూ ఆమ్లత్వం పెరిగినప్పుడు వాటి వ్యక్తీకరణ కూడా పెరుగుతుందనీ కల్లెన్, క్లెన్‌హామర్ 1999లో చూపించారు. పొట్టలోని ఆమ్లాన్ని దాటుకుని పేగుల దాకా ప్రాణాలతో చేరవలసిన బ్యాక్టీరియాకు ఈ పంపు ఎంత ముఖ్యమో దీన్నిబట్టి ఊహించవచ్చు. మా పని ఆ పంపు ఏ పీహెచ్ దగ్గర, ఎంత ఏటీపీతో, ఏ నిరోధకం సమక్షంలో ఎలా ప్రవర్తిస్తుందో కొలవడం.

ఇక కిట్. పెట్టెలో ఉండేవి మూడే సీసాలు. ఒకదానిలో ఆమ్లంలో కరిగించిన అమోనియం మాలిబ్డేట్, రెండో దానిలో పాలీవినైల్ ఆల్కహాల్ కలిపిన మలకైట్ గ్రీన్ రంగు, మూడో దానిలో 1 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ స్టాండర్డ్ (గాఢత ముందే తెలిసిన ద్రావణం) ఉంటాయి. మొదటి రెండింటినీ వాడే రోజే కలుపుకొని, 96 గుంటల ప్లేట్‌లో 80 మైక్రోలీటర్ల నమూనాకు 20 మైక్రోలీటర్ల చొప్పున వేసి, అరగంట ఆగి, 620 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకోవాలి. ఆమ్లంలో ఫాస్ఫేట్, మాలిబ్డేట్ కలిసి ఏర్పడే సంయోగం మలకైట్ గ్రీన్ అణువులతో జతకట్టినప్పుడు రంగు మారుతుంది. ఫాస్ఫేట్ లేని గుంట తేనె పసుపులో ఉండిపోతుంది. ఫాస్ఫేట్ పెరిగేకొద్దీ లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ, చివరికి నీలిఛాయ ఉన్న పచ్చ వరుసగా కనిపిస్తాయి. స్టాండర్డ్ వరుస సరిగ్గా వచ్చిందో లేదో ప్లేట్‌ను తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే రీడర్ దాకా పోకుండానే తెలిసిపోతుంది. ఈ రంగును ఫాస్ఫేట్ కొలతకు వాడే పద్ధతిని ఇటాయా, ఉయి 1966లోనే ప్రచురించారు కాబట్టి, కిట్ అమ్మేవారు కొత్తగా కనిపెట్టినదేమీ లేదు. రంగు పేరుకుపోకుండా, అవక్షేపం పడకుండా, ఏ సీసా తీసినా ఒకే ఫలితం వచ్చేలా చేసిన కూర్పుకే మనం డబ్బు ఇస్తున్నాము. ఆ కూర్పు బాగుందని ఒప్పుకోవాలి. రంగు పొడిని స్వయంగా కరిగించి, వడగట్టి చేసుకున్న రియేజెంట్‌తో బ్లాంక్ (ఫాస్ఫేట్ వేయని గుంట) విలువ రోజుకొక రకంగా వచ్చేది; కిట్‌తో అది వారాల తరబడి నిలకడగా ఉంటున్నది.

సున్నితత్వంలో దీన్ని తప్పుపట్టడానికి వీల్లేదు. ఒకటి రెండు మైక్రోమోలార్ ఫాస్ఫేట్‌ను కూడా బ్లాంక్ నుంచి వేరుచేసి చూపిస్తుంది. 40 మైక్రోమోలార్ వరకు గ్రాఫ్ సరళరేఖలోనే సాగుతుంది. గుంటలో ఉన్న 80 మైక్రోలీటర్లకు లెక్కవేస్తే ఆ పై హద్దు 3.2 నానోమోల్స్ మాత్రమే. లీటరు కల్చర్ నుంచి చెంచాడు పొరల పెల్లెట్ (తిప్పినప్పుడు అడుగున చేరే ముద్ద) కూడా రాని మాలాంటివారికి ఇది వరమే. అయితే కిట్‌తో వచ్చే ఇబ్బందులన్నీ ఈ సున్నితత్వం నుంచే పుడతాయి. కిట్ కొలిచేది ఎంజైమ్‌ను కాదు, గుంటలో ఉన్న మొత్తం ఫాస్ఫేట్‌ను; అది ఎక్కడినుంచి వచ్చిందో దానికి పట్టదు.

లాక్టోబాసిల్లస్‌తో పనిచేసేవారికి ఈ చిక్కు మరీ ఎక్కువ. ఈ బ్యాక్టీరియాను పెంచడానికి అందరూ వాడే ఎంఆర్ఎస్ మాధ్యమంలో లీటరుకు 2 గ్రాముల డైపొటాషియం ఫాస్ఫేట్ ఉంటుంది. అంటే సుమారు 11.5 మిల్లీమోలార్, కిట్ పై హద్దుకు ఇది దాదాపు 290 రెట్లు. ఈస్ట్ సారం, మాంసం సారం మోసుకొచ్చే ఫాస్ఫేట్ దీనికి అదనం. కణాలను ఒకసారి కడిగి వదిలేస్తే కొలత మొదలు కాకముందే ప్లేట్ అంతా పచ్చబడుతుంది. మేము కణాలను ట్రిస్, మెగ్నీషియం ఉన్న బఫర్‌తో పలుమార్లు కడిగి, కణాల గోడను లైసోజైమ్, మ్యుటనోలైసిన్ అనే ఎంజైమ్‌లతో మెత్తబరచి, గాజు పూసలతో పగలగొట్టి, పొరలను 1,00,000 జి వేగంలో గంటసేపు తిప్పి కిందికి దించి, ఆ పెల్లెట్‌ను మళ్లీ తాజా బఫర్‌లో కలిపి మరోసారి తిప్పుతాము. ఆఖరి కడుగు నీటిలో ఫాస్ఫేట్ ఎంత ఉందో ఈ కిట్‌తోనే చూసుకుని, అది బ్లాంక్‌తో సమానమైతేనే ముందుకు వెళతాము. గాజు సామాను సంగతి మరొకటి. ఫాస్ఫేట్ ఉన్న సబ్బుతో కడిగిన బీకరు ఎంత మెరిసినా దానిలో తయారుచేసిన బఫర్ నమ్మదగినది కాదు. పలుచని ఆమ్లంలో నానబెట్టి, డిస్టిల్డ్ నీటితో తొలిచిన సామానునో, కొత్త ప్లాస్టిక్ గొట్టాలనో వాడాలి. కిట్‌తో వచ్చే కరపత్రం ఈ విషయాన్ని ఒక్క వాక్యంలో ముగించేస్తుంది. అది శుద్ధి చేసిన ఎంజైమ్‌తో పనిచేసేవారిని మనసులో పెట్టుకుని రాసినదని చదవగానే అర్థమవుతుంది.

ఎక్కువ ఏటీపీ దగ్గర కిట్ ఎందుకు తడబడుతుందో చిన్న లెక్కతో చెప్పవచ్చు. సీసాలోంచి తీసిన ఏటీపీలో కొంత ముందే విడిపోయి ఉంటుంది. అది ఒక్క శాతమే అనుకున్నా, 1 మిల్లీమోలార్ ఏటీపీ ఉన్న గుంటలో ఎంజైమ్ వేయకముందే 10 మైక్రోమోలార్ ఫాస్ఫేట్ ఉంటుంది. కొలత హద్దులో నాలుగో వంతు అక్కడే పోయింది. ఎంజైమ్ గరిష్ఠ వేగాన్ని చూడటానికి 5 మిల్లీమోలార్ ఏటీపీ వేస్తే, అదే ఒక్క శాతం 50 మైక్రోమోలార్ అవుతుంది. అంటే బ్లాంక్ ఒక్కటే గ్రాఫ్‌ను దాటిపోతుంది. నమూనాను పలుచన చేయవచ్చు గానీ, ఇరవై రెట్లు పలుచన చేసి కొలిచేటప్పుడు ఆ ఖరీదైన సున్నితత్వం ఎందుకు కొన్నట్టు? బంగారం తూచే తక్కెడలో బియ్యం బస్తా పెట్టినట్టే అది.

ఈ పనికి మేము ఫిస్కే-సుబ్బారావు పద్ధతికే తిరిగి వెళ్లాము. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి ఇది. ఫాస్ఫోమాలిబ్డేట్‌ను అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లంతో క్షయకరణం చేస్తే వచ్చే నీలి రంగును 660 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. సున్నితత్వంలో మలకైట్ గ్రీన్‌కు ఇది సాటి రాదు. కానీ వందల మైక్రోమోలార్ ఫాస్ఫేట్‌ను పలుచన చేయకుండానే భరిస్తుంది, కావలసిన రసాయనాలు ఏ స్టోర్స్‌లోనైనా దొరుకుతాయి, ఖర్చు నామమాత్రం. వారిద్దరూ ఈ పద్ధతిని ఆధారం చేసుకునే కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తరువాత 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. ఏటీపీని కనుగొన్న చేతులు తయారుచేసిన రియేజెంట్‌తోనే ఏటీపేజ్ గరిష్ఠ వేగాన్ని కొలవడంలో తెలుగువాడిగా నాకొక సంతోషం ఉన్నమాట నిజమే, కానీ సిఫారసుకు కారణం అది కాదు. ఆ హద్దులో అది మెరుగైన పనిముట్టు.

కిట్ తన విలువను చూపించుకునేది పీహెచ్ పరిశీలనలో. ఏటీపేజ్‌ను కొలిచేవారిలో చాలామంది జంట ఎంజైమ్‌ల పద్ధతిని వాడతారు. దానిలో ఏటీపేజ్ విడుదల చేసిన ఏడీపీని పైరువేట్ కైనేజ్ తిరిగి ఏటీపీగా మారుస్తుంది, ఆ క్రమంలో వచ్చిన పైరువేట్‌ను లాక్టేట్ డీహైడ్రోజినేజ్ లాక్టేట్‌గా మారుస్తుంది, అప్పుడు ఖర్చయ్యే ఎన్ఏడీహెచ్ అనే సహాయక అణువు తగ్గుదలను 340 నానోమీటర్ల దగ్గర క్షణక్షణం చూస్తారు. పీహెచ్ 7, 8 మధ్య ఇంతకన్నా చక్కని పద్ధతి లేదు. కానీ పీహెచ్ 5 దగ్గర ఆ సహాయక ఎంజైమ్‌లు రెండూ చేతులెత్తేస్తాయి, ఎన్ఏడీహెచ్ కూడా ఆమ్లంలో తనంతట తానే చెడిపోతుంది. ఆమ్లానికి అలవాటు పడిన బ్యాక్టీరియాను చదువుతున్నప్పుడు మనకు కావలసిన సమాధానం సరిగ్గా అక్కడే ఉంటుంది. నోటి లాక్టిక్ బ్యాక్టీరియాల ఏటీపేజ్‌లను పోల్చి చూసిన పాత పరిశోధనల్లో లాక్టోబాసిల్లస్ కేసియై ఎంజైమ్ ఆమ్లం వైపు, ఆమ్లాన్ని అంతగా తట్టుకోలేని స్ట్రెప్టోకాకస్‌ల ఎంజైమ్ తటస్థత వైపు మొగ్గుతాయని తేలింది. అసిడోఫిలస్ ఈ వరుసలో ఎక్కడ నిలుస్తుందో చూడాలంటే, ప్రతిచర్యను ఏ పీహెచ్‌లో నడిపినా కొలతకు అడ్డురాని పద్ధతి ఉండాలి. మలకైట్ గ్రీన్ రియేజెంట్ గాఢమైన ఆమ్లంలోనే ఉంటుంది కాబట్టి నమూనా పీహెచ్ 5లో ఉన్నా 8లో ఉన్నా దానికి తేడా తెలియదు. పీహెచ్ గ్రాఫ్ మొత్తాన్ని ఒకే ప్లేట్‌లో, ఒకే స్టాండర్డ్ వరుసతో ముగించగలగడం చాలా పెద్ద సౌకర్యం.

బఫర్ ఎంపికలో మాత్రం జాగ్రత్త అవసరం. విస్తృతమైన పీహెచ్ హద్దు కోసం పుస్తకాలు సాధారణంగా సూచించే సిట్రేట్-ఫాస్ఫేట్ బఫర్ ఇక్కడ రెండు విధాలా పనికిరాదు. దానిలోని ఫాస్ఫేట్ సంగతి చెప్పనక్కరలేదు; సిట్రేట్ మాలిబ్డేట్‌ను పట్టుకుని రంగు రాకుండా చేస్తుంది. ఎసిటేట్, మెస్, మాప్స్, ట్రిస్ బఫర్లను పీహెచ్‌ను బట్టి వాడుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు. బఫర్ మారే చోట ఒకే పీహెచ్‌ను రెండింటితోనూ కొలిచి, విలువలు కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి.

అదే సిట్రేట్ మరోచోట మేలు చేస్తుంది. రియేజెంట్‌లోని ఆమ్లం ఎంజైమ్‌ను ఆపేస్తుంది గానీ, మిగిలిన ఏటీపీని కూడా నెమ్మదిగా విడగొడుతూనే ఉంటుంది. అరగంట ఆగమని కరపత్రం చెబుతుంది, ఆ అరగంటలో ఎంజైమ్‌తో సంబంధం లేని ఫాస్ఫేట్ పోగవుతుంది. గది వేడి 25 డిగ్రీలు ఉంటుందన్న లెక్కతో రాసిన సూచన ఇది. మే నెలలో ఏసీ సరిగా పనిచేయని ల్యాబ్‌లో ఈ పోగు మరింత వేగంగా పెరుగుతుంది. 1979లో లాంజెట్టా బృందం దీనికి మందు చూపించింది: రంగు రియేజెంట్ వేసిన నిమిషానికే 34 శాతం సోడియం సిట్రేట్ కలిపితే, మిగిలిన మాలిబ్డేట్‌ను అది పట్టేసుకుంటుంది, తరువాత విడుదలయ్యే ఫాస్ఫేట్‌కు రంగు రాదు. మేము కొన్న ఏ కిట్‌లోనూ సిట్రేట్ సీసా లేదు, కరపత్రంలో దాని ప్రస్తావన కూడా లేదు. ఏటీపేజ్ కొలతకు అనువైనదని పెట్టె మీద ముద్రించే తయారీదారు ఆ చవకైన సీసాను చేర్చకపోవడం మాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

నిరోధకాల పరీక్షలకు కిట్ బాగా సరిపోతుంది, ఎందుకంటే వాటిలో ఏటీపీ మధ్యస్థంగా ఉంటే చాలు, కావలసింది ఎక్కువ గుంటలు. పొరల నమూనాలో ఫాస్ఫేట్‌ను విడుదల చేసే ఎంజైమ్ మనది ఒక్కటే కాదు. ఫాస్ఫటేజ్‌లూ ఉంటాయి, ఇతర రవాణా ఏటీపేజ్‌లూ ఉంటాయి. మొత్తం ఫాస్ఫేట్‌లోంచి డీసీసీడీ అనే నిరోధకానికి లొంగిన భాగాన్ని వేరుచేస్తేనే ప్రోటాన్ పంపు వాటా బయటపడుతుంది. ఈ రసాయనం పంపులో పొరలో ఇమిడి ఉండే ఎఫ్ఓ భాగంలోని సి ఉపభాగం మీద ఉన్న ఆమ్ల అవశేషాన్ని పట్టుకుని ప్రోటాన్ దారిని మూసేస్తుంది. కాబట్టి పొర నుంచి ఊడివచ్చిన ఎఫ్1 మీద తక్కువ గాఢతలో దాని ప్రభావం ఉండదు. పొరల నమూనాలో డీసీసీడీకి లొంగే వాటా ఒక్కసారిగా పడిపోతే, కడిగేటప్పుడు ఎఫ్1 ఊడిపోయిందేమోనని అనుమానించాలి. వెనడేట్ పీ-తరగతి అనే మరో రకం ఏటీపేజ్‌లను, అజైడ్ సాధారణంగా మన పంపు చెందే ఎఫ్-తరగతిని అణచివేస్తాయి కనుక వాటిని పక్కపక్కనే పెట్టి చూడటం మంచిది. అయితే ప్రతి నిరోధకాన్నీ ఎంజైమ్ లేకుండా, తెలిసినంత ఫాస్ఫేట్‌తో విడిగా పరీక్షించి, అది రంగును తానే మార్చడం లేదని తేల్చుకోకుండా ఏ అంకెనూ నోట్‌బుక్‌లోకి ఎక్కించకూడదు. డీసీసీడీని కరిగించిన ఇథనాల్‌కు కూడా ఒక గుంట కేటాయించాలి. ప్రోటీన్ గానీ డిటర్జెంట్ గానీ ఎక్కువైతే గుంట అడుగున పచ్చని నలకలు కనిపిస్తాయి. రీడర్ వాటిని కూడా ఫాస్ఫేట్‌గానే లెక్కపెడుతుంది, కాబట్టి ప్లేట్‌ను ఒకసారి పైకెత్తి వెలుతురులో చూడటం అలవాటు చేసుకోవాలి.

కిట్‌తో అసలు చేయకూడనిది ఒకటుంది: చివర్లో ఒక్క రీడింగ్‌తో వేగాన్ని తేల్చేయడం. ఏడీపీ పోగుపడేకొద్దీ బ్యాక్టీరియా ఎఫ్1 మెగ్నీషియం-ఏడీపీని పట్టుకుని కూర్చుని తనను తాను నెమ్మదింపజేసుకుంటుంది. జంట ఎంజైమ్‌ల పద్ధతిలో ఏడీపీ ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుంది కాబట్టి ఆ అడ్డంకి పెరగదు. కిట్‌తో నడిపే ప్రతిచర్యలో పెరుగుతూనే పోతుంది. చివర్లో ఒక్క రీడింగ్ తీసుకునేవారికి ఈ నెమ్మదింపు కనిపించదు, వేగం తక్కువగా నమోదవుతుంది. కనీసం మూడు నాలుగు సమయాల్లో నమూనాలు ఆపి, ఫాస్ఫేట్ సమయంతో పాటు సరళంగా పెరుగుతున్న భాగాన్నే వాడుకోవాలి. శుద్ధి చేసిన ఎఫ్1 అయితే మంచు పెట్టెలో ఉంచకూడదన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయం. చలికి దాని ఉపభాగాలు విడిపోయే స్వభావం ఉంది, ఆ నష్టాన్ని ఏ కిట్టూ సరిచేయలేదు.

సరఫరా విషయంలో మా అనుభవం మిశ్రమంగా ఉంది. ఇండెంట్ పెట్టిన తరువాత కొటేషన్, ఆమోదం, దిగుమతి అన్నీ దాటుకుని పెట్టె చేరేసరికి గడువు తేదీలో గణనీయమైన భాగం కరిగిపోయి ఉంటుంది. ఒక విడతలో మాలిబ్డేట్ సీసా అడుగున తెల్లని నూక పేరుకుని వచ్చింది. గది వేడికి తెచ్చి కదిపినా కరగలేదు. డీలర్ మొదట వడగట్టి వాడుకోమన్నాడు. వడగడితే మాలిబ్డేట్ గాఢత ఎంత తగ్గిందో ఎవరు చెప్పగలరని స్టాండర్డ్ గ్రాఫ్ పంపి అడిగిన మీదట సీసా మార్చి ఇచ్చారు. అందువల్ల పెట్టె వచ్చిన రోజే సీసాలను వెలుతురులో చూసి, స్టాండర్డ్ వరుస ఒకటి నడిపి, ఫలితాన్ని దాచుకోవడం అవసరం. బిల్లు పాస్ అయిన తరువాత ఎవరూ ఫోన్ ఎత్తరు.

ధర ఐదంకెల్లో ఉంటుంది. పెద్ద ప్యాక్‌లో ఒక్కో గుంట ఖర్చు బాగా తగ్గుతుందని అమ్మేవారు చెప్పేది నిజమే గానీ, పీహెచ్, నిరోధకాల పనికి మాత్రమే వాడుకునే ల్యాబ్‌లో పెద్ద ప్యాక్ గడువులోగా ఖాళీ కాదు. చిన్న ప్యాక్ ఒకటి తీసుకుని, గరిష్ఠ వేగం కొలతలను ఫిస్కే-సుబ్బారావు రియేజెంట్‌కు వదిలేసి, సిట్రేట్‌ను మీరే తయారుచేసుకుని పక్కన పెట్టుకోండి. ప్రోటీన్ లెక్క కోసం లౌరీ పద్ధతినో బ్రాడ్‌ఫర్డ్ పద్ధతినో వాడినా, పొరల నమూనాకు ఏది ఎంచుకున్నారో దానినే చివరిదాకా కొనసాగించండి. మిల్లీగ్రాము ప్రోటీన్‌కు నిమిషానికి ఇన్ని మైక్రోమోల్స్ అని రాసేటప్పుడు పై అంకెను ఎంత శ్రద్ధగా కొలిచినా కింది అంకె మారితే ఫలితం మారిపోతుంది.